ఒక్క ఠావులో ఎంత పాఠం?

పదో తరగతి పిల్లలకు కాంతి, విద్యుత్తు పాఠాల సారాన్ని ఒకే ఏ4 కాగితం మీదికి తెచ్చి, అచ్చు వేయించి పంచాలని సైన్సు మేడమ్ పట్టుదల. అలా పంచడం మొదలైతే పిల్లలు రాయడం మానేస్తారని, రాయడం మానేస్తే ఆలోచించడమూ మానేస్తారని లెక్కల మాస్టారి భయం. వీళ్లిద్దరూ ఫలానా బడివాళ్లని చెప్పలేను. జిల్లా పరిషత్ హైస్కూళ్ల స్టాఫ్ రూముల్లో ఎక్కడో ఒకచోట రోజూ ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. మాటవరసకు పల్నాడులో ఒక ఊరి బడి అనుకుందాం. మిరప కోతల కాలం. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నా మొగ్గు ఎటో మధ్యలో చెబుతాను.

మాస్టారు: ఇలా ఇవ్వండమ్మా, చూస్తాను. ఇంత చిన్న అక్షరాలా! చీమలబారులా ఉంది. ఏ పాఠం ఇది?

మేడమ్: రెండు పాఠాలు మాస్టారూ. దర్పణాలు, కటకాలు ఒకవైపు, విద్యుత్తు రెండోవైపు. డీటీపీ షాపులో తీయించిన ప్రూఫు. అక్షరాలు చిన్నవైన మాట నిజమే, అది సరిచేయిస్తాను. ముందు అసలు సంగతి చెప్పండి. పిల్లలకు ఇవ్వొచ్చా, కూడదా?

మాస్టారు: కూడదు. బోర్డు మీద రాసింది పిల్లవాడు నోట్సులోకి ఎక్కించుకుంటాడే, ఆ ఎక్కించుకోవడంలోనే సగం పాఠం వంటబడుతుంది. మీరు ఆ పని వాడి చేతిలోంచి లాగేసుకుని కాగితం పెడుతున్నారు.

మేడమ్: ఎక్కించుకుంటున్నాడని మనం అనుకుంటున్నాం. ఒకసారి ఆ నోట్సులు వరసగా తిరగేసి చూడండి. దర్పణానికి 1/ఎఫ్ = 1/వి + 1/యు అని రాస్తాను. మర్నాడు కటకానికి 1/ఎఫ్ = 1/వి − 1/యు అని రాస్తాను. రెండింటికీ తేడా ఒక్క గీత. వెనక బెంచీ పిల్లకు ఆ గీత సరిగా ఆనదు. ముందు వరస పిల్లవాడు కబుర్లాడుతూ రెండింటికీ ప్లస్సే పెట్టేస్తాడు. ఆ తప్పునే పరీక్షల దాకా కంఠస్థం చేస్తారు. ఇక 45 నిమిషాల పీరియడులో నేను రాయడానికీ, వాళ్లు దించుకోవడానికీ పోయింది పోతే ఏం మిగులుతుంది? కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, బయటి వేపచెట్టు గోడ మీద తలకిందులుగా పడటం చూపించాలని ఉంటుంది నాకు. దానికి టైము ఉండదు.

మాస్టారు: నోట్సులు దిద్దడం మన పని. ఆ పనికి అచ్చు మందు కాదు. పైగా బోర్డు మీద నేను తప్పు రాస్తే, "సార్, అక్కడ మైనస్ కదా" అని ఎవడో ఒకడు లేస్తాడు. చెరిపేస్తాను, అయిపోయింది. అచ్చులో తప్పు పడితే అరవై మంది చేతుల్లో అరవై తప్పులు. అచ్చులో ఉంది కాబట్టి ఒక్కడూ అనుమానించడు.

మేడమ్: అందుకే ప్రూఫు మీ చేతిలో పెట్టాను. మీ తరువాత ఇద్దరు పిల్లలకూ ఇస్తాను. మనకు అర్థం ముందే తెలుసు కాబట్టి కన్ను తప్పును దాటిపోతుంది. వాళ్లు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్క గుర్తూ సరిచూస్తారు. పట్టుకున్న ప్రతి తప్పుకూ పేరు చదువుతానని చెబితే ఇంకా శ్రద్ధగా చూస్తారు.

మాస్టారు: సరే, తప్పుల్లేకుండానే వచ్చిందనుకుందాం. అసలు మన పిల్లలకు కాగితాలకు కరువా? గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, బిట్ పేపర్లు. పదో తరగతివాడి సంచీ తెరిస్తే పాఠ్యపుస్తకం అడుగున ఉంటుంది. ఇంటర్మీడియట్‌కు వెళ్లాక అదీ కనబడదు, అంతా మెటీరియలే. పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవడం అనే అలవాటే లేని తరాన్ని తయారుచేశాం. మీ షీటు దానికి ఇంకో మెట్టు.

మేడమ్: గైడు ప్రశ్న పక్కనే జవాబు పెడుతుంది. ఇందులో జవాబు ఒక్కటీ లేదు చూడండి. సూత్రం, అందులో ఏ అక్షరం దేనికి నిలుస్తుంది, దాని ప్రమాణం ఏమిటి, దూరం ఎప్పుడు ధనాత్మకం, ఎప్పుడు రుణాత్మకం. ఒక యూనిట్ కరెంటు అంటే కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. అంతే. లెక్క చేయాలంటే బుర్ర వాడాల్సిందే. మీ చిన్నప్పుడు ఎక్కాల పుస్తకం లేదా? ఇంటర్ ప్రాక్టికల్స్‌లో లాగరిథమ్ పట్టికలు చూడలేదా? అవి ఎవరి బుర్రనూ పాడుచేయలేదే.

మాస్టారు: ఎక్కాల పుస్తకం చూసి చెప్పడానికి కాదమ్మా, చూడకుండా చెప్పడానికి. పుస్తకం మూయించి అప్పజెప్పించుకునేవాళ్లు. తప్పితే మళ్లీ మొదటికి. ఇప్పుడు అప్పజెప్పించుకునేవాళ్లేరి?

మేడమ్: నా షీటు అందుకే మాస్టారూ! ఏ4ను మధ్యకు మడిస్తే ఏ5 సైజులో నాలుగు పేజీలు వస్తాయి. ప్రతి పేజీలో ఎడమ పక్క సన్నని గడిలో బొమ్మ గానీ, ఒక మాట గానీ ఉంటుంది. "సమాంతర సంధానంలో ఫలిత నిరోధం?" అని అడుగుతుంది. సూత్రం కుడి గడిలో ఉంటుంది. కుడి గడిని స్కేలుతో మూసి, గుర్తు తెచ్చుకుని, ఆ తరువాత తీసి చూసుకోవాలి. ఇంట్లో అప్పజెప్పించుకునే పెద్దలకు భౌతికశాస్త్రం రాకపోయినా పర్లేదు. కుడి గడి తమ చేతుల్లో ఉంటే సరిపోతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు 2006లో దీని మీదే పరిశోధన ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు. కొందరు మూసేసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తరువాత అడిగితే చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్లకు 56 శాతం.

మాస్టారు: నేను చెప్పేదే వాళ్లూ చెప్పారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే తమకు బాగా వచ్చేసిందన్న నమ్మకం ఎక్కువని కూడా అందులో తేలలేదా? మీ షీటుతో నాకున్న పేచీ అదే. చిన్నది, ముచ్చటగా ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది. పిల్లవాడు నాలుగుసార్లు చదివి వచ్చేసిందనుకుంటాడు. స్కేలు పెట్టి మూయమని మీరు ఎంత చెప్పినా, మూసేవాళ్లు పదిమంది కూడా ఉండరు.

ఇక్కడ నేను అడ్డుపడక తప్పదు. మాస్టారి ఈ మాటకు మేడమ్ దగ్గర సరైన సమాధానం లేదు, నా దగ్గరా లేదు. కాగితాన్ని ఎంత బాగా కూర్చినా, అది ఎలా వాడాలో తరగతిలో చేయించకపోతే బల్ల కిందికి పోతుంది. కానీ దానికి పరిష్కారం కాగితం మానేయడమని నేను అనుకోను. మూసి అప్పజెప్పడాన్ని తరగతిలోనే, జంటలు జంటలుగా, పీరియడు చివర కొద్దిసేపు నడిపించడం మన చేతిలో పని. నా మొగ్గు మేడమ్ వైపే. అయితే మాస్టారి అభ్యంతరాలు లేకుండా తయారైన షీటు మంచి షీటు అవుతుందని నమ్మను. ఇప్పుడాయన అక్షరాల సంగతి ఎత్తుకుంటున్నారు.

మాస్టారు: ఇందాక అక్షరాలు చిన్నవని ఒప్పుకున్నారు. ఎందుకు చిన్నవయ్యాయో చూశారా?

మేడమ్: ఏ4లో పూర్తి పేజీలుగా కూర్చి, తరువాత రెండేసి పేజీలు ఒక కాగితం మీదికి తగ్గించమన్నాను.

మాస్టారు: ఏ4 నిడివి 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. భాగించండి, 1.414. అంటే రెండు వర్గమూలం. మధ్యకు మడిచినా అదే నిష్పత్తి, ఇంకోసారి మడిచినా అదే నిష్పత్తి. వాస్తవ సంఖ్యల పాఠంలో వర్గమూలం రెండు కరణీయమని నిరూపిస్తాం కదా, ఆ రోజు పిల్లల చేతికి ఒక్కొక్క ఏ4 ఇచ్చి మడిపిస్తాను నేను. సరూప పటాలు కూడా అక్కడే అర్థమవుతాయి. ఇక ఏ4ను ఏ5కు దించితే పొడవూ వెడల్పూ 71 శాతానికి పడతాయి. మీరు 12 పాయింట్లలో కూర్చిన అక్షరం ఎనిమిదిన్నరకు వచ్చింది. ఇంగ్లీషయితే ఎలాగో చదువుకుంటారు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. "వక్రీభవనం"లో క్రావడి చూడండి, కింది వరస "కేంద్రం" నెత్తిన కూర్చుంది.

మేడమ్: అవును. మొదటి నుంచీ ఏ5 పేజీగానే కూర్చమనాలి. 11 పాయింట్లకు తగ్గకూడదు. వరసకూ వరసకూ మధ్య ఖాళీ ఇంగ్లీషుకు పెట్టేదానికన్నా ఎక్కువ పెట్టమనాలి. ఫాంటు కూడా మార్పిస్తాను. అను ఫాంటులో కొట్టింది ఫోనుకు పంపితే అర్థం కాని గుర్తులు వస్తున్నాయి. మండలి లాంటి యూనికోడ్ ఫాంటులో కొడితే ఎక్కడైనా తెరుచుకుంటుంది, వచ్చే ఏడు వేరే బడివాళ్లు తీసుకుని మార్చుకోవచ్చు.

మాస్టారు: 11 పాయింట్లు పెడితే ఇప్పుడున్న సరుకులో సగం పట్టదు.

మేడమ్: పట్టదు.

మాస్టారు: ఇప్పుడు దారికొచ్చారు. మా రోజుల్లో సైక్లోస్టైల్ ఉండేది. మైనం పూసిన స్టెన్సిల్ మీద ఇనప మొన కలంతో చేత్తో రాసేవాళ్లు మా సార్లు. తెలుగు వత్తులన్నీ టైపు మిషనుతో కుదిరేవి కావు. ఒక్క గీత గట్టిగా పడితే స్టెన్సిల్ చిరిగి సిరా ముద్దయ్యేది. అందుకని రాసే ముందే ఏది ఉంచాలి, ఏది తీసేయాలని గంటసేపు ఆలోచించుకునేవారు. ఇప్పుడు కంప్యూటర్లో ఎంతయినా పడుతుంది, ఇంకా పట్టకపోతే అక్షరం తగ్గించడమే. మీరు ఏం తీసేస్తారో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

మేడమ్: నిర్వచనాలు తీసేస్తాను, అవి పుస్తకంలో ఉన్నాయి. శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాలు తీసేస్తాను. ఉత్పాదనలు తీసేస్తాను. ఓమ్ నియమం వాక్యంగా అక్కర్లేదు, సూత్రంగా ఉంటే చాలు.

మాస్టారు: ఉత్పాదన తీసేస్తే సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

మేడమ్: తరగతిలో తెలుస్తుంది. షీటు పని గుర్తుచేయడం. నేర్పే పని నాది. ఆ రెండూ కలిపేసినప్పుడే షీటు గైడుగా మారుతుంది.

మాస్టారు: ఊఁ. ఇంకా?

మేడమ్: కిరణ చిత్రాలు. కుంభాకార కటకం ముందు వస్తువును ఆరు స్థానాల్లో పెట్టి ఆరు బొమ్మలు వేయాలి. అవి ఒక పేజీ మొత్తం తినేస్తున్నాయి. పైగా బూడిద రంగు నీడలు వేయించాను, జెరాక్సు తీస్తే మచ్చలు పడుతున్నాయి.

మాస్టారు: బొమ్మలు తీసేయకండి. కిరణాలు తీసేయండి.

మేడమ్: అంటే?

మాస్టారు: ఆరు గడులు గీయించండి. ప్రతి గడిలో ప్రధానాక్షం, కటకం, ఎఫ్, 2ఎఫ్ గుర్తులు, వస్తువు బాణం. నల్ల గీతలే, నీడలొద్దు. కిరణాలు పిల్లలు గీసుకోవాలి. ప్రతిబింబం ఎక్కడ పడిందో, నిజమో మిథ్యో వాళ్లే రాసుకోవాలి. కెనడాలో స్లమెకా, గ్రాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే చూపించారు, చదివిన మాట కన్నా తాను పూరించిన మాట ఎక్కువ గుర్తుంటుందని. రాయడం మాన్పించకండని నేను గోల పెట్టేది ఇందుకే. అచ్చు వేసిన కాగితం మీద కూడా రాయడానికి చోటుంటే నా అభ్యంతరం సగం పోతుంది.

మేడమ్: చాలా బాగుంది. గుర్తుల నియమం పక్కన కూడా ఒక ఖాళీ గడి పెడతాను, దాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటారో వాళ్ల మాటల్లో రాసుకోవడానికి.

మాస్టారు: మిగతా సగం అభ్యంతరం సంగతి. ఎప్పుడిస్తారు?

మేడమ్: పాఠం మొదలుపెట్టే రోజే.

మాస్టారు: అస్సలు కూడదు. పాఠానికి ముందే సారం చేతికొస్తే వినేదెవరు? సూత్రం కింద ఉందిలే అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. పాఠం అయి, నాలుగు లెక్కలు చేసి, రెండు తప్పులు పోయాక ఇవ్వండి. అప్పుడు ఆ కాగితం వాళ్లకు ఒక పనికొచ్చే వస్తువులా కనబడుతుంది.

మేడమ్: మీరు చెప్పింది రోజూ బడికొచ్చే పిల్లలకు సరిపోతుంది. కోతలకు వెళ్లిన పిల్లల సంగతి చూడండి. తెల్లవారుజామున తల్లితోపాటు ఆటో ఎక్కి వెళ్లిపోతున్నారు. అయ్యో పాపం అని ఊరుకుంటున్నాం. వాళ్లు తిరిగొచ్చేసరికి కాంతి అయిపోయి విద్యుత్తు సగంలో ఉంటుంది. పక్కపిల్ల నోట్సు అడిగితే, అందులో ప్లస్సులు మైనస్సులయి ఉంటాయి. వాళ్లకు ఈ కాగితం ముందే అందాలి మాస్టారూ. పొలానికి తీసుకెళ్లినా మడిచి జేబులో పెట్టుకోవచ్చు. 80 జీఎస్ఎమ్ కాగితం అయిదు గ్రాములు.

మాస్టారు: చదరపు మీటరు కాగితంలో ఏ4లు పదహారు. 80ని పదహారుతో భాగిస్తే అయిదు, నిజమే. బరువు లేదు సరే. పాఠం వినని పిల్లకు ఆ అయిదు గ్రాముల కాగితం ఏం చెబుతుంది? 1/ఎఫ్ అంటే ఏమిటో తెలియని పిల్లకు 1/ఎఫ్ అచ్చు వేసి ఇస్తే, తనకు రానిదాని పట్టికే కదా ఇచ్చింది? ఇంకా భయపడుతుంది. ఆ పిల్లకు కావాల్సింది మనిషి. సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి చెప్పే మనిషి.

మేడమ్: కూర్చోబెడతాను. నాకు వీలుకాని రోజు వాళ్ల వీధిలోనే ఉన్న ఇంకో పిల్లతో చెప్పిస్తాను. ఆ చెప్పే పిల్లకయినా చేతిలో ఏదో ఒకటి ఉండొద్దా? ఏ వరసలో చెప్పాలి, ఏది వదలకూడదు అన్నది ఈ ఠావు చూపిస్తుంది. ఒంటరిగా ఇస్తే పనికిరాదని ఒప్పుకుంటాను. ఇద్దరి మధ్య పెడితే పనికొస్తుంది.

ఈ విషయంలో ఇద్దరూ ఒక మాట మీదికి రాలేదు, రావాలని నేనూ కోరను. వచ్చే పిల్లలకు పాఠం తరువాత, రాని పిల్లలకు ముందు అంటే ఒకే తరగతిలో రెండు పద్ధతులు. అది ఇబ్బందే. కానీ మన తరగతిలో ఇప్పటికే రెండు రకాల పిల్లలున్నారు. ఒకే పద్ధతి పెట్టుకుని ఆ తేడా కనబడకుండా చేసుకోవడం కన్నా ఈ ఇబ్బంది పడటమే న్యాయం.

మాస్టారు: భాష మాటేమిటి? చదివేది ఇంగ్లీషు మీడియం, ఇంట్లో మాట తెలుగు.

మేడమ్: మన సర్కారు పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉంటాయి కదా. ఇందులో అంత చోటు లేదు. పదం ఇంగ్లీషులో, దాని పక్కనే తెలుగులో. బొమ్మకయితే పేర్లు బొమ్మ మీదే రాయిస్తాను. కింద ఎక్కడో 1, 2, 3 అని పట్టిక ఇస్తే కన్ను పైకీ కిందికీ తిరగడంతోనే అలిసిపోతుంది.

మాస్టారు: ఖర్చు?

మేడమ్: రెండు సెక్షన్లూ కలిపి నూట పాతిక దాకా కావాలి. టౌనుకు వెళ్లి రైసో డూప్లికేటరు మీద తీయిస్తే జెరాక్సు కన్నా చవక. ఒక్క మాస్టరు తయారైతే తరువాత ఎన్ని తీసినా పెద్ద తేడా రాదు. రెండోవైపు అచ్చు వేసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని దగ్గరుండి చెప్పాలి. పొడుగు అంచు మీద తిప్పితే, మడిచాక లోపలి రెండు పేజీలూ తలకిందులవుతాయి.

మాస్టారు: చివరి మాట అడుగుతాను. స్లిప్ టెస్టులో ఈ కాగితం బల్ల మీద ఉంచుకోనిస్తారా?

మేడమ్: మొదటి టెస్టులో ఉంచుకోనిస్తాను. ఇంగ్లండులో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈకి కోవిడ్ తరువాత, 2022 నుంచి, లెక్కలకూ ఫిజిక్సుకూ సూత్రాల షీటు పరీక్ష హాల్లోనే ఇస్తున్నారు. సూత్రం ఎదురుగా ఉన్నా లెక్క రానివాళ్లకు రాదు. ఎవరికి జ్ఞాపకం తక్కువ, ఎవరికి అర్థం కాలేదు అన్నది అప్పుడే నాకు తెలుస్తుంది.

మాస్టారు: మన పబ్లిక్ పరీక్షలో ఎవరూ ఇవ్వరు. అక్కడ వీళ్లు తడుముకుంటారు.

మేడమ్: అందుకే రెండో టెస్టు కాగితం లేకుండా.

మాస్టారు: అయితే ఇలా చేయండి. ఏ సెక్షన్‌కు మీ అచ్చు షీటు. బీ సెక్షన్‌కు తలా ఒక తెల్ల ఠావు ఇచ్చి, పుస్తకం చూసి ఎవరి షీటు వాళ్లను తయారుచేసుకోమనండి. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి అని మీరు పడిన కష్టం వాళ్లూ పడతారు. నాకు తెలిసి అసలు చదువు అందులోనే ఉంది. ఎవరు బాగా రాస్తారో చూద్దాం.

మేడమ్: బీ సెక్షన్ పిల్లలకు అన్యాయం జరగకూడదు. టెస్టు అయ్యాక వాళ్లకూ అచ్చు షీటు ఇస్తాను, ఏ సెక్షన్‌వాళ్లకూ తెల్ల ఠావు ఇస్తాను. సరేనా?

మాస్టారు: సరే. షీట్లు గురువారం ఇచ్చి శుక్రవారం టెస్టు పెట్టేయండి.

మేడమ్: శుక్రవారం వద్దు మాస్టారూ, వారం ఆగుదాం. మర్నాడే పెడితే చదివినవాళ్లూ, రాసినవాళ్లూ ఒకేలా రాస్తారు. మీకూ నాకూ తేలేది ఏమీ ఉండదు.

మాస్టారు: ఆ వారంలో షీట్లు వాళ్ల దగ్గరే ఉంటాయా?

మేడమ్: ఉంటాయి. టెస్టు రోజున మాత్రం సంచులు వరండాలో పెట్టిస్తాను.